మీ వెబ్‌సైటు ఎవరిలా మాట్లాడాలి? చేనేత సహకార సంఘాల పాలకవర్గాలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల చేనేత సహకార సంఘాల అధ్యక్షులకు, పాలకవర్గ సభ్యులకు, మేనేజర్లకు నమస్కారం.

నేను వెబ్‌సైట్లు డిజైన్ చేసే వృత్తిలో ఉన్నవాణ్ని. ఎగ్జిబిషన్ స్టాళ్ల మీద, పండగ రిబేటు మీద, షోరూముల మీద నడిచిన మీ అమ్మకాలు క్రమంగా ఫోన్లలోకి మళ్లుతున్నాయి. సొంత వెబ్‌సైటు పెట్టుకున్న సంఘాలు, పెట్టుకోబోతున్న సంఘాలు కూడా ఆలోచించవలసిన విషయం ఒకటి ఉందనిపించి ఈ లేఖ రాస్తున్నాను. ఏ రంగులు వాడాలి, ఎన్ని ఫొటోలు పెట్టాలి, సర్వరుకు ఏడాదికి ఎంత కట్టాలి అన్న చర్చ మీ సమావేశాల్లో జరుగుతూనే ఉంటుంది. ఆ వెబ్‌సైటు కొనడానికి వచ్చిన మనిషితో ఎవరిలా మాట్లాడాలన్న చర్చ మాత్రం, నేను చూసినంతవరకు, జరగడం లేదు. ఆ నిర్ణయం మీరు తీసుకోకపోయినా ఎవరో ఒకరు తీసుకుంటారు. చాలాసార్లు టెంప్లేటు (ముందే తయారుచేసి పెట్టిన వెబ్‌సైటు అచ్చు) అమ్మినవాడే మీ తరఫున ఆ పని కానిచ్చేస్తాడు.

దాని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఆ సంఘం పేరు చెప్పడం మర్యాద కాదు. మొదటి పేజీ తెరవగానే ఒక మోడల్ ఫొటో, దాని మీద ‘మీ స్టైల్‌ను ఆవిష్కరించండి’ అన్న మాట. ‘మా గురించి’ అన్న పేజీలో ‘నాణ్యతకు మారుపేరు’, ‘సంప్రదాయం, ఆధునికతల మేలు కలయిక’ అన్న వాక్యాలు. వీటిని ఎత్తుకెళ్లి గ్రానైటు కంపెనీకి తగిలించినా, మిఠాయి కొట్టుకు తగిలించినా అతుకుతాయి. చీర మీద నొక్కితే ‘ప్రీమియం క్వాలిటీ, సాఫ్ట్ ఫ్యాబ్రిక్, పార్టీ వేర్’ అని మూడు ముక్కలు. ఎన్నో కౌంటు నూలో లేదు, అంచు పట్టో జరీయో లేదు, కొంగు విప్పి చూపిన ఫొటో లేదు. పిన్‌కోడ్‌లో ఒక అంకె తప్పితే ఎర్రటి అక్షరాల్లో ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని గద్దింపు. ఊరి పేరు చెరిపేసి చూపిస్తే అది తమ వెబ్‌సైటేనని ఆ సంఘం అధ్యక్షుడు కూడా గుర్తుపట్టలేరు. అదే సంఘం అమ్మకాల గదిలో కూర్చున్న మనిషిని ఎవరైనా గొంతు వినగానే గుర్తుపడతారు.

ఈ లోటు తీర్చడానికి మా వృత్తిలో డిజైన్ పర్సోనా అనే పద్ధతి ఉంది. వెబ్‌సైటును ఒక మనిషిగా ఊహించుకుని, ఆ మనిషి స్వభావం ఏమిటి, ఎలా మాట్లాడుతుంది, ఎక్కడ నవ్వుతుంది, ఎక్కడ నవ్వకూడదు, ఏ పని ఎంత లాభం వచ్చినా చేయదు అన్న సంగతులను రెండు పేజీల్లో రాసి పెట్టుకోవడమే ఈ పద్ధతి. అమెరికాలోని అట్లాంటా కేంద్రంగా పనిచేసే మెయిల్‌చింప్ అనే ఈమెయిల్ సేవల సంస్థలో డిజైన్ బాధ్యతలు చూసిన ఆరన్ వాల్టర్, 2011 ప్రాంతంలో, తమ సంస్థ కోసం రాసుకున్న ఇలాంటి కాగితాన్ని నలుగురూ వాడుకునేలా బయటపెట్టారు. అందులో ఆ ఊహామనిషిని పరిచయం చేసే ఒక పేరా ఉంటుంది. అయిదారు గుణాలు, ఒక్కొక్క గుణానికీ దాటకూడని హద్దు ఉంటాయి. స్నేహంగా ఉండాలా గంభీరంగా ఉండాలా, చేయి పట్టుకుని నడిపించాలా అడిగితేనే చెప్పాలా అన్నది గుర్తించే చిన్న పటం ఒకటి, మాట తీరు మీద కొన్ని వాక్యాలు, నమూనా సందేశాలు, రంగులు, అక్షరాల ఎంపిక ఆ తర్వాత వస్తాయి. కొనుగోలుదారు ఎవరు, ఆమె వయసెంత, ఏ ఫోన్ వాడుతుంది అని రాసుకునే యూజర్ పర్సోనా వేరు. అది అవతలి మనిషి చిత్రం. ఇది మీ చిత్రం. మీకు వెబ్‌సైటు కట్టిపెట్టే సంస్థలు మొదటిదాన్ని అప్పుడప్పుడు తయారుచేస్తాయి. రెండోదాన్ని మీరు అడిగితే తప్ప తయారుచేయవు.

మెయిల్‌చింప్ కాగితంలో నాకు నచ్చింది ఆ సంస్థ చిహ్నమైన ఫ్రెడ్డీ అనే చింపాంజీ బొమ్మ కాదు, దానికి గీసిన హద్దులు. సరదాగా ఉండాలి గానీ పిల్లచేష్టలు వద్దని, చనువుగా మాట్లాడాలి గానీ నిర్లక్ష్యం కనిపించకూడదని అందులో రాసుకున్నారు. ఫ్రెడ్డీ పేజీ పైభాగాన ఒక జోకు వేసి ఊరుకుంటాడు. పని జరిగిందా లేదా అన్న సమాచారం అతని నోట రాకూడదని నియమం. జోకులు విసుగనిపించినవారు వాటిని ఆపేసుకునే ఏర్పాటు కూడా ఆ తర్వాత పెట్టారు. సర్వరు పడిపోయినప్పుడు ఇచ్చే సందేశంలో హాస్యం ఛాయ కూడా ఉండదు: ఏం జరిగింది, ఎవరు చూస్తున్నారు అన్నవి చెప్పి, ఓపిక పట్టినందుకు కృతజ్ఞత చెబుతుంది, అంతే. హద్దులు లేని వ్యక్తిత్వం ఏమవుతుందో చూడాలంటే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో వచ్చిన కాగితపు క్లిప్పు బొమ్మను తలుచుకోవాలి. ఉత్తరం రాయడం మొదలుపెడితే చాలు, అడగకపోయినా వచ్చి కళ్లెగరేస్తూ సాయం చేస్తానని నిలబడేది. 2001 నాటి ఆఫీస్ ఎక్స్‌పీలో దాన్ని ముందుగానే ఆపేసి అమ్మారు, 2007 నాటికి పూర్తిగా తీసేశారు.

విదేశీ కంపెనీల ముచ్చట మనకెందుకని మీరనవచ్చు. మీలాంటి సహకార వ్యవస్థలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. గుజరాత్ పాల సంఘాల అమూల్ వెన్నకు చుక్కల గౌను వేసుకున్న పాప 1966 నుంచి మాట్లాడుతోంది. క్రికెట్ మీద, సినిమాల మీద, రాజకీయాల మీద చమత్కారాలు విసురుతుంది. ఎంత విసిరినా చివరకు వెన్న దగ్గరికే వస్తుంది. లక్షల మంది పాడి రైతులు పోసిన పాలకు ఒక్క గొంతు ఉండడం వల్ల ఆ సరుకుకు ఎంత గుర్తింపు వచ్చిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పాపను అనుకరించమని నా ఉద్దేశం కాదు. పట్టుచీర అమ్మేచోట చమత్కారం అన్నిసార్లూ నప్పదు. ఆ పాపకు అరవై ఏళ్లుగా ఒకటే స్వభావం ఉందన్నది మాత్రం గమనించవలసిన సంగతి.

చేనేతకు ఈ కాగితం మిగతా వ్యాపారాలకన్నా ఎక్కువ అవసరమని నేను అనుకోవడానికి కారణం ఉంది. సెల్‌ఫోను కొనేవారు బొమ్మ చూసి, లెక్కలు చూసి కొనగలరు. చీర అలా అమ్ముడుపోదు. సంఘం అమ్మకాల గదిలో పరుపు మీద కూర్చున్న మనిషి ముందు రెండు మడతలు విప్పుతారు, వచ్చినవారి ముఖం చూస్తారు, నచ్చిందనిపిస్తే కొంగంతా పరుస్తారు. అంచును వేళ్ల మధ్య పట్టుకుని నూలు మీద పట్టు ఎక్కడ మొదలైందో చూపిస్తారు. రంగు దగ్గర వచ్చినవారు తటపటాయిస్తే, ‘ట్యూబులైటు కింద ఇలాగే ఉంటుందమ్మా, గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూడండి’ అని చీర చేతిలో పెడతారు. తిరిగి వచ్చేదాకా తొందరపెట్టరు. చీరకు అడిగిన ధర న్యాయమేనన్న నమ్మకం అక్కడ కుదురుతుంది. వెబ్‌సైటులో ఈ మనిషి లేరు. డాలస్‌లోనో సిడ్నీలోనో కూర్చుని కూతురి పెళ్లికి చీరలు వెతుక్కుంటున్న తెలుగింటి తల్లికి మీ గుమ్మమూ లేదు, మీ ఎండా లేదు. ఆ మనిషి చేసే పనులన్నీ తెర మీద ఎవరు చేయాలి, ఎలా చేయాలి అన్న ప్రశ్నకు జవాబు రాయడమే మీరు చేయవలసిన పని. ఎండలో చూడమన్న ఆ ఒక్క మాటనే తీసుకోండి: ప్రతి చీరకూ దీపం వెలుతురులో ఒక ఫొటో, పగటి వెలుగులో ఒక ఫొటో పక్కపక్కన పెట్టి, ఫోను తెరను బట్టి రంగు కాస్త అటూ ఇటూ కావచ్చని ముందే చెప్పడం దానికి తెర మీది రూపం.

స్వభావాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. నా సలహా ఏమిటంటే, మీ గుడ్డ దగ్గరే మొదలుపెట్టండి. మంగళగిరి చీరకు ఒళ్లంతా సాదాగా ఉండి అందమంతా జరీ అంచులో ఉంటుంది. అలాంటి గుడ్డను అమ్మే వెబ్‌సైటు వాగుడుకాయలా ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. అది తక్కువ మాట్లాడి, అడిగినదానికి సూటిగా జవాబిచ్చే మనిషిలా ఉండాలి. పోచంపల్లి సంగతి వేరు. నేయకముందే నూలును లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, మగ్గమెక్కాక ఆ లెక్క తప్పకుండా కలుపుకోవడంలో ఉంది దాని గొప్పతనం. అక్కడి వెబ్‌సైటు వివరించడం ఇష్టమున్న మనిషిలా, అడిగితే పటం గీసి చూపించే ఓపికున్న మనిషిలా ఉండాలి. ఎందుకంటే ఇక్కత్ అనే ఈ నేతలో పువ్వు అంచులు కాస్త అలికినట్టుండడం ఆ పద్ధతిలోనే ఉన్న గుణమని తెలియనివారు దాన్ని లోపమనుకుని చీర వెనక్కి పంపిస్తారు. పుట్టపాక తేలియా రుమాలుకు నూనె, ఆముదపు కాయల బూడిద పట్టించిన నూలు వాడతారు కాబట్టి కొత్తగుడ్డకు ఒక వాసన ఉంటుంది. కౌంటరు మీద మనిషి ఆ మాట ముందే చెప్పి, అది అసలుదన్నదానికి గుర్తని కూడా చెబుతారు. వెబ్‌సైటు చెప్పకపోతే పార్సెల్ విప్పినావిడ ముక్కు మూసుకుని ఫిర్యాదు రాస్తుంది. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపే గద్వాల చీర గురించి, చేతితో పువ్వు పువ్వునూ ఎక్కించే ఉప్పాడ జాందానీ గురించి ఇలాగే ఆలోచించుకోవచ్చు. ఒకే టెంప్లేటులో ఇవన్నీ ఒదగవని నా వాదన.

కాగితం మీద అది ఎలా ఉంటుందో చూడడానికి, సాదా నూలు చీరలు నేసే సంఘం ఒకటి ఇలా రాసుకుందనుకుందాం: ‘మా వెబ్‌సైటు యాభై దాటిన ఒక ఆడమనిషి. పుట్టింట్లోనూ మెట్టింట్లోనూ మగ్గం చూసింది. పదేళ్లుగా సంఘం కౌంటరు మీద ఉంటోంది. గౌరవంగా మాట్లాడుతుంది, బతిమాలదు. తెలిసింది చెబుతుంది, పాఠం చెప్పదు. ధర దగ్గర నిక్కచ్చి, కటువు కాదు. మా నేతంటే గర్వం, పక్క ఊరి నేతను చులకన చేయదు. తెలియని సంగతి అడిగితే కనుక్కుని చెబుతానంటుంది, కల్పించి చెప్పదు. జాలి పుట్టించి అమ్మదు.’ ఈ తొమ్మిది వాక్యాలు పది పేజీల బ్రాండు నివేదికకన్నా ఎక్కువ పని చేస్తాయి. రేపు ఎవరో కొత్త కుర్రవాడు ఉద్యోగంలో చేరి, దీపావళికి ఏం రాయాలని తడబడినప్పుడు, ఆవిడైతే ఏమంటుందని తనను తాను ప్రశ్నించుకుంటే చాలు.

‘జాలి పుట్టించి అమ్మదు’ అన్న చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్నది దాని మీదే. చేనేత వెబ్‌సైట్లలో ఎక్కువగా కనిపించే బొమ్మ ఏమిటో మీకు తెలుసు: గుంట మగ్గంలో కూర్చున్న ముసలాయన, నలుపు తెలుపుల్లో, ముఖం మీది ముడతలు స్పష్టంగా కనబడేలా. కింద ‘నేతన్నను ఆదుకోండి’ అని ఒక పిలుపు. నేతపనివారి కష్టాలు నిజమైనవి. ప్రభుత్వాలతో, బ్యాంకులతో, నూలు ధరలతో మీరు చేసే పోరాటంలో వాటిని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. చీర అమ్మేచోట మాత్రం ఆ మాట ఎదురుతిరుగుతుంది. జాలితో కొన్నవారు ఒకసారి కొంటారు, ఇంకోసారి ఇంకెవరి మీదో జాలిపడతారు. పైగా సాయం చేశామన్న భావంతో కొన్నవారు ధర తగ్గించమని అడగడానికి వెనుకాడరు. మీ అమ్మకాల గదిలోని మనిషి ఎన్నడైనా కన్నీళ్లు పెట్టుకుని చీర చూపించారా? పనితనాన్నే చూపిస్తారు. ఆసు పోయడం (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టడం) గురించి చెప్పాలనుకుంటే, ఒక్క చీరకు ఆ పని చేసే చేయి కొన్ని వేల సార్లు అటూ ఇటూ ఆడవలసి వచ్చేదని, తల్లి పడుతున్న ఆ శ్రమను చూసిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారని, దానికి 2017లో పద్మశ్రీ వచ్చిందని చెప్పవచ్చు. వినేవారికి జాలి కలగదు, ఆశ్చర్యం కలుగుతుంది. ఆ తర్వాత ధర చెబితే బేరం ఆడాలనిపించదు.

ఇక సజావుగా జరగని రోజుల సంగతి. వెబ్‌సైటుకు వ్యక్తిత్వం ఉందా లేదా అన్నది మొదటి పేజీలో తేలదు, డబ్బు కట్టడం మధ్యలో ఆగిపోయినప్పుడు తేలుతుంది. ఖాతాలో డబ్బు పోయి, ఆర్డరు నంబరు రాక, తెర మీద ‘ట్రాన్సాక్షన్ ఫెయిల్డ్’ అన్న రెండు మాటలు చూసినావిడ గుండె ఎలా కొట్టుకుంటుందో ఊహించండి. ఇందాకటి కౌంటరు మనిషి ఆ క్షణాన పక్కన ఉంటే ఇలా అంటుంది: ‘డబ్బు మీ ఖాతాలోంచి పోయినట్టు మెసేజ్ వచ్చినా, ఆర్డరు నంబరు ఇంకా రాలేదు. దయచేసి వెంటనే మళ్లీ కట్టకండి. మాకు డబ్బు చేరితే ఈ సాయంత్రంలోగా మేమే ఫోన్ చేస్తాం. చేరకపోతే అది మీ ఖాతాకే తిరిగి వస్తుంది. చీరను రేపటిదాకా మీ పేరు మీద పక్కన పెడుతున్నాం.’ యూపీఐలో వ్యాపారికి చేరని డబ్బు అయిదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలని, రాకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే ఆదేశించింది. ఆ సంగతి కూడా ఒక వాక్యంలో చెప్పవచ్చు. ఇలాంటి సందేశం రాయడానికి సాఫ్ట్‌వేరు మార్చనక్కర్లేదు, ఖర్చు లేదు; ఎవరి గొంతుతో రాయాలో తెలిస్తే చాలు.

ఆలస్యాల విషయమూ ఇంతే. శ్రావణమాసం మీకు పెద్ద సీజను: వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు, ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చిపడతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ముసురు పడుతుంది, గుంట మగ్గాల్లో నీరు ఊరుతుంది, వీధిలో సాగదీసిన పడుగుకు గంజి పట్టిస్తే ఆరదు. ఈ సంగతి మీకు పుట్టుకతో తెలుసు, కొనేవారిలో చాలామందికి తెలియదు. ‘అనివార్య కారణాల వల్ల మీ ఆర్డరు ఆలస్యమైనది’ అన్న ఈమెయిలు అందుకున్నవారు మీరేదో దాస్తున్నారని అనుకుంటారు. ‘నాలుగు రోజులుగా మా ఊళ్లో ముసురు. పడుగు ఆరడం లేదు. మీ చీర ఇంకా మగ్గమెక్కలేదు. వాన తెరిపిచ్చాక పది రోజులు పడుతుంది. వ్రతం నాటికి తప్పక కావాలంటే ఇదే అంచుతో నేసి సిద్ధంగా ఉన్న చీరలు ఇవి’ అని రాసి చూడండి. కోపం వచ్చినా అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోలేక డబ్బు వెనక్కి అడిగితే, ఆ మాట కూడా అదే మర్యాదతో ఒప్పుకోవాలని కాగితంలో రాసి ఉండాలి.

టెంప్లేటులతో పాటు ఉచితంగా వచ్చే కొన్ని అలవాట్లున్నాయి. ‘త్వరపడండి, రెండే మిగిలాయి’ అన్న పట్టీ, గడియారం వెనక్కి తిరుగుతూ బెదిరించడం, ‘హైదరాబాదు నుంచి ఎవరో ఇప్పుడే కొన్నారు’ అని మూలనుంచి పైకి లేచే పెట్టె. ఇవి నిజం కానప్పుడు తప్పుడు వ్యాపార పద్ధతుల కిందికే వస్తాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న నిషేధించిన 13 రకాల మోసపూరిత డిజైన్లలో లేని తొందర పుట్టించడం కూడా ఒకటి. చట్టం అటుంచండి. గుమ్మం దాకా వెళ్లి ఎండలో నిదానంగా చూసుకోమన్న మనిషి, అదే నోటితో గడియారం చూపించి తరుముతుందా? వ్యక్తిత్వం రాసి పెట్టుకుంటే ఇలాంటి వాటిని తీసేయడానికి విడిగా వాదన అక్కర్లేదు. చేనేతలో నిజంగానే ఒక్కటే చీర ఉంటుంది కదా అంటారా. అప్పుడు ‘ఈ చీర ఇది ఒక్కటే నేశాం’ అని చెప్పి ఊరుకుంటే సరిపోతుంది.

కంటికి కనిపించే రూపం గురించి ఎక్కువ చెప్పను, మీ డిజైనర్లకు ఆ పని తెలుసు. తెలుగు అక్షరాల విషయంలో మాత్రం ఒక మాట. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, చదివేవారికి ఇరుకుగా ఉంటుంది. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. రామరాజ శీర్షికలో నిండుగా నిలబడుతుంది, మండలి చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. మీ ఊహామనిషి చేతిరాత ఎలా ఉంటుందనుకుంటారో దాన్ని బట్టి ఒకటి రెండు ఎంచుకుని వాటికే కట్టుబడండి. గిడుగు పేరుతో కూడా ఒక ఫాంటు ఉంది. వ్యావహారిక భాష కోసం జీవితమంతా వాదించిన ఆయన పేరున్న అక్షరాల్లో ‘కొనుగోలుదారులు వివరములు నమోదు చేయవలెను’ అని రాసిన పేజీ ఒకటి చూసి నవ్వుకున్నాను.

భాష దగ్గర మీ సంఘాల్లో వాదన వస్తుందని నాకు తెలుసు. మన యాసలో రాయాలా, పత్రికల భాషలో రాయాలా? నా అభిప్రాయం ఇది: పలకరింపులో, చీరల వర్ణనలో, నేతపని మాటల్లో మీ ఊరి పలుకుబడి నిస్సంకోచంగా రానివ్వండి, కొంగును మీరేమంటారో, అంచు రకాలను ఏ పేర్లతో పిలుస్తారో అలాగే రాయండి, పక్కన ఫొటో ఉంటే అర్థం కానిది ఏదీ ఉండదు. ధర, కొలత, వెనక్కి పంపే నియమాలు, డబ్బు వ్యవహారం మాత్రం శ్రీకాకుళం వారికీ ఆదిలాబాదు వారికీ ఒకేలా అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ‘మీరు’ అన్న మర్యాద ఎక్కడా జారకూడదు. ‘హాయ్ బ్యూటిఫుల్’ అని పలకరించే వెబ్‌సైట్లు వేరేవారికి నప్పుతాయేమో, పట్టుచీర కొనడానికి వచ్చిన అత్తాకోడళ్లకు నప్పవు. ఇంగ్లీషు పేజీ అవసరమే, ముఖ్యంగా తెలుగు చదవడం రాని రెండో తరం ప్రవాసులకు. అది కూడా అదే మనిషి ఇంగ్లీషులో మాట్లాడినట్టుండాలి: కొద్దిపాటి మాటలు, సూటిగా, ఆర్భాటపు విశేషణాలు లేకుండా.

ఈ కాగితం ఎవరు రాయాలి? మీరే రాయాలి, వెబ్‌సైటు కట్టే సంస్థ రాయకూడదు. వారు రాస్తే మళ్లీ ‘నాణ్యతకు మారుపేరు’ దగ్గరికే చేరుతుంది. మేనేజరు, ఇద్దరు నేతపనివారు, అందులో ఒకరైనా ఆడవారు, అమ్మకాల గదిలో కూర్చునే మనిషి, వీలైతే చాలాకాలంగా మీ దగ్గరే కొంటున్న ఒకరిద్దరు కలిసి ఒక పూట కూర్చుంటే చిత్తు తయారవుతుంది. మీ కౌంటరు మనిషి రోజూ అనే మాటలను యథాతథంగా రాసుకోవడంతో మొదలుపెట్టండి. ఏ గుణానికీ హద్దు రాయకుండా వదలకండి. ‘స్నేహంగా ఉంటుంది’ అని మాత్రమే రాస్తే దాన్ని ఎవరికి తోచినట్టు వారు లాగుతారు. పిన్‌కోడ్ తప్పు, సరుకు లేకపోవడం, డబ్బు ఆగిపోవడం, ఆలస్యం, చీర వెనక్కి పంపడం, పండగ శుభాకాంక్షలు: ఈ సందర్భాలకు నమూనా వాక్యాలు మీ చేత్తోనే రాయండి. రాసినవాటిని అమ్మకాల గదిలో పైకి చదివించి చూడండి. కౌంటరు మనిషి నోట పలకడానికి ఇబ్బందిపడిన వాక్యం వెబ్‌సైటులో ఉండకూడదు.

తర్వాత ఆ రెండు పేజీలను కాంట్రాక్టుకు జతచేయండి, అందులోని నమూనా వాక్యాల ప్రకారం సందేశాలన్నీ ఉన్నాయని చూసుకున్నాకే ఆఖరి బిల్లు చెల్లించండి. సంస్థ మారినా, మేనేజరు బదిలీ అయినా, పాలకవర్గం మారినా కాగితం సంఘం దస్త్రాల్లో ఉంటుంది. ఇప్పుడు చాట్‌బాట్‌లు అమ్మేవారు కూడా మీ తలుపు తడుతున్నారు. తీసుకోవడం మీ ఇష్టం, కానీ ఈ కాగితం ఇవ్వకుండా దాన్ని కూర్చోబెట్టకండి. తాను యంత్రాన్నని అది మొదటే చెప్పాలి, నేతపనివారి పేరు పెట్టుకుని మాట్లాడకూడదు, తెలియనిది అడిగితే సంఘం ఫోన్ నంబరు ఇచ్చి తప్పుకోవాలి. ఈ మూడూ కాగితంలోకి ఎక్కాలి.

మీ తర్వాతి సర్వసభ్య సమావేశం ఎజెండాలో వెబ్‌సైటు అంశం ఉంటే, కొటేషన్లు తెరవడానికి ముందు ఈ చిత్తును సభ్యుల ముందు చదివి వినిపించమని కోరుతున్నాను. ‘మన వెబ్‌సైటు ఇలా మాట్లాడుతుంది’ అని చదువుతున్నప్పుడు వెనక వరుసలోంచి ఎవరైనా లేచి, ‘మనం అలా మాట్లాడం’ అంటే, ఆ అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాసుకుని చిత్తు అక్కడికక్కడే దిద్దండి. శ్రావణం ఆర్డర్లు మొదలుకావడానికి కనీసం రెండు నెలల ముందు ఇది పూర్తయితే, సందేశాలన్నీ మార్చి సరిచూసుకోవడానికి వ్యవధి చిక్కుతుంది.

గౌరవాభినందనలతో,
భవదీయుడు,
ఒక వెబ్ డిజైనరు